మీసాల గమ్ముతో అతికించిన ఈగ కాళ్ళు

నా చిన్నప్పుడు... ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి వెనక, షూటింగులకు అద్దెకిచ్చే బంగళా తోటలో, మా అక్క సీసా పట్టుకుని బంతిపూల మీదికి వంగి ఉండేది. నేను పక్కనే నిలకడ లేకుండా గెంతుతూ ఉండేదాన్ని.

తోటపని చేసే మల్లమ్మకు మా వరస నచ్చేది కాదు. "ఏంది బిడ్డా, తేనెటీగలను గిట్ల పడ్తున్నరు? కుడ్తయ్, జర పైలం," అనేది.

"తేనెటీగలు కావు మల్లమ్మా, ఉత్త ఈగలే. రెక్కలు రెండే చూడు, కుట్టవు," అనేది అక్క.

పసుపు చారలతో, గాలిలో ఒకేచోట ఆగి ఎగిరే ఆ ఈగల్ని హోవర్ ఫ్లై అంటారట. అక్క అప్పుడు బీఎస్సీ ఆఖరి సంవత్సరం. ఎండిన పురుగుల్ని సూదులతో గుచ్చిన పెట్టె తయారుచేసి, ఒక్కోదాని కింద పేరు రాసి, కాలేజీలో చూపించాలి.

నాకు అన్నీ ఒకేలా కనిపించేవి... అక్క భూతద్దం పెట్టి చూపించేది. ఒక రకానికి కళ్ళ మీద సన్నటి నూగు, వెనక కాళ్ళు పసుపు. రెండో రకానికి కళ్ళు నున్నగా ఉంటాయి, వెనక కాళ్ళు నలుపు. ఆ తేడా కోసం తను గంటలు గంటలు కూర్చునేది. నాకేమో ఐదు నిమిషాలకే చేతులు దురద పెట్టేవి.

పెట్టె తీసుకెళ్ళే ముందురోజు సాయంత్రం, "ముట్టుకోకు" అని మరీ చెప్పి అక్క అంగడికి వెళ్ళింది. చెప్పకపోయినా బాగుండేదేమో... నూగు కళ్ళ ఈగను కాస్త వెలుతురులోకి తిప్పాను. ఎండిన ఈగ అప్పడం కన్నా అన్యాయం. వెనక కాళ్ళు రెండూ పుటుక్కున విరిగి, ఫ్యాను గాలికి ఎటో పోయాయి.

మా నాన్న సినిమాల్లో మేకప్ మాన్. మా ఇంట్లో ఏది విరిగినా మీసాలు అంటించే గమ్ముతోనే అతికించేవాళ్ళం, నా చెప్పు పట్టీతో సహా. అక్క వద్దని పడేసిన ఈగల డబ్బాలోంచి రెండు కాళ్ళు తీసి, సూది మొనతో ఆ గమ్ము రాసి అంటించేశాను. కాళ్ళంటే కాళ్ళే కదా... రంగు చూడలేదు.

పొద్దున్నే చివరిసారి భూతద్దం పెట్టిన అక్క లేచి నిలబడింది. "నాన్నా, కళ్ళకేమో నూగుంది, కాళ్ళేమో నలుపు. ఇది పుస్తకంలో లేదు. నిన్న నేనే సరిగ్గా చూడలేదు."

పాత చీటీ తీసేసి 'కొత్త రకమేమో' అని రాసింది. నాన్న గడ్డం గీసుకోవడం ఆపి వచ్చి చూశారు.

నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి, వీధిలోకి, మళ్ళీ గదిలోకి... చెప్పేద్దామని మూడుసార్లు అక్క దగ్గరికి వెళ్ళాను. తనని అంత సంతోషంగా అంతకుముందు చూడలేదు. నేను చెప్పేలోపే పెట్టె పట్టుకుని కాలేజీ బస్సెక్కేసింది.

సాయంత్రం వచ్చి పెట్టెను మంచం కిందికి తోసేసింది. లెక్చరర్ సూదితో తాకగానే కాలు ఊడి, గమ్ము తీగలా సాగిందట. "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారట. మేకప్ అనగానే క్లాసంతా నవ్విందట. కొత్త రకం కోసం అక్కే దొంగకాళ్ళు పెట్టిందనుకుని, మిగతా ఈగల్ని ఆయన చూడనే లేదు.

"నా పేరు చెప్పలేదా?" అన్నాను ఏడుస్తూ.

"గమ్ము చూడగానే నీ పనేనని తెలిసింది. కానీ చెప్తే ఎవరు నమ్ముతారు? తప్పు చెల్లెలి మీదికి తోశానంటారు. పొద్దున్న నాకు చెప్పి ఉంటే సరిపోయేది కదే," అంది.

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

ఇప్పుడు ఆ తోట లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఫోటో తీస్తే చాలు, ఏ పురుగో ఫోనే చెప్పేస్తోంది... మొన్న మా బాల్కనీలో తులసి పూత మీద అలాంటి ఈగ వాలితే, ఫోటో తీసి పేరుతో సహా అక్కకు పంపాను. వెంటనే జవాబొచ్చింది.

"కాళ్ళు దానివేనా?"

నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు ఒకచోట కూర్చోలేకపోయాను.

మీరూ ఏదో ఒకటి విరగ్గొట్టి, గుట్టుగా అతికించే ఉంటారు... ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ ముందు చెప్పాల్సినవాళ్ళకు చెప్పారా?