ముట్టుకునే చదువు

1986, ఎండాకాలం. భద్రాచలం వైపు ఒక దవాఖానాలో నేను ఆయాను. ఆయా అంటే లేబర్ రూంలో, అదే కాన్పుల గదిలో, నెత్తురు కడిగేది, బట్టలు మార్చేది, నొప్పులు పడే తల్లిని పట్టుకొని నిలబడేది. మా ఆయన పోయాక నాకు దొరికిన బతుకు అది. సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తున్నది. నర్సు చదువుల్లో ఏది మంచిదని పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడిగితే నేను పద్మ సంగతే చెబుతాను.

పద్మ దమ్మపేట రైతు సుబ్బారావుగారి కూతురు. వాళ్లు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. ఆయన భార్యకు మా దగ్గరే ఆపరేషన్ అయింది, నన్ను ఎరుగుదురు. పిల్ల ఇంటర్ పాసై, చదివితే నర్సింగే చదువుతానని అన్నం మానేసి కూర్చుంది. ఆయనకేమో ఖమ్మంలో మామూలు బి.ఎస్సీ.లో చేర్చాలని. ఆ వారంలోనే ఏదో ఒకటి తేలాలి.

ఒక పొద్దున పిల్లను వెంటబెట్టుకొని వచ్చారు.

"ఎల్లమ్మా, ఒక్క పూట దీన్ని నీ వెంట తిప్పు. నాలుగు వాంతులైతే ఆ పిచ్చి అదే దిగుద్ది."

"ఏంది సారూ, నేనేమన్న దయ్యాలు దింపేదాన్నా?" అన్నాను. ఆయన నవ్వారు. పిల్ల నవ్వలేదు.

మా నర్సు సిస్టర్‌ని అడిగితే, "రానియ్యి. చేరినంక పారిపోయేదానికంటే ఇయ్యాలనే పారిపోతే మంచిగుంటది" అన్నది.

మధ్యాహ్నం దుమ్ముగూడెం అవతలి అడవి ఊరి నుంచి ఒక తల్లిని మంచం మీద మోసుకొచ్చారు. కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. సిస్టర్ చేయగలిగినదంతా చేసి తల దించుకుంది. అంతలో తల్లికి నెత్తురు పోతనే ఉన్నది, ఆగలేదు. మేమిద్దరం అటు తిరిగాం.

గోడకు ఆనుకొని నిలబడ్డ పద్మ, "అక్కడ ఒక్కతే ఉంది" అన్నది.

"ఎవరు?"

"పాప."

నాకు చేతులు ఖాళీ లేవు. "గోరువెచ్చని నీళ్లున్నయ్. కడుగు బిడ్డా. మెడ కింద చెయ్యి పెట్టు. బతికిన పిల్ల లెక్కనే పట్టు" అన్నాను.

ఒకసారి బయటికి ఉరికి వాంతి చేసుకుంది. మళ్లీ వచ్చింది. కడిగింది, తెల్లబట్టలో చుట్టింది, వరండాలో ఉన్న వాళ్ల ముసలామెకు అందించింది. ఆమెకు మన మాట రాదు. బట్ట తొలగించి మనవరాలి ముఖం చూసుకుంది. తరువాత పద్మ చేతులు రెండూ పట్టి కళ్లకు అద్దుకుంది.

ఎదురు బల్ల మీద కూర్చున్న సుబ్బారావుగారు ఇదంతా చూశారు. వాళ్లింట్లో పురుడు వస్తే, స్నానమయ్యేదాకా సొంత కోడలినైనా ముట్టుకోరు.

కాసేపటికి సిస్టర్ బయటికొచ్చి, తల్లికి గండం గడిచిందని చెప్పింది. ఆయన లేచి, "ఈ నర్సు చదువుల్లో పెద్దదేదండీ?" అని అడిగారు.

"జనరల్ నర్సింగ్ మూడున్నరేండ్లు. బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేండ్లు, హైదరాబాద్‌ల. అది డిగ్రీ. రేపు నర్సులకు పాఠాలు గూడ చెప్పొచ్చు."

ఆయన ముఖం తేటపడింది. "అయితే డిగ్రీయే చదివిద్దాం. కుర్చీలో కూర్చుని పని చెప్పొచ్చు, ఇవన్నీ ముట్టుకోనక్కర్లేదు. అంతేగా ఎల్లమ్మా?"

అవ్ అంటే పిల్ల చదువు నిలబడుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"కాదు నాన్నా" అన్నది పద్మ. "డిగ్రీ చదివినా ముట్టుకోవాలి. ముట్టుకోకుండా ఉండటానికైతే నాకా చదువొద్దు. ఖమ్మంలోనే చేర్చు."

వరండాలో ముసలామె ఏడుస్తున్నది.

ఆయన మెల్లగా బోరింగు దగ్గరికి నడిచారు. "రా, కడుక్కో" అని తనే పంపు కొట్టారు. పిల్ల మోచేతుల దాకా కడుక్కుంది. స్నానం కాలేదు, బట్టలు మార్చలేదు. అయినా ఆ తడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. సిస్టర్ వైపు తిరిగి, "హైదరాబాదులో ఆడపిల్లల హాస్టలు ఉంటుందామ్మా?" అని అడిగారు.

ఏ కోర్సు ఎన్నేళ్లో చదువుకున్నవాళ్లు చెబుతారు. నేను చెప్పేది ఇదొక్కటే: చిన్న చదువైనా, పెద్ద డిగ్రీ అయినా తీసుకపోయేది మంచం దగ్గరికే. అక్కడ వెనక్కి జరగని పిల్ల అయితే, మీ చేతనైనంత పెద్ద చదువు చెప్పించండి.