తెరిచి ఉన్న బొక్క

ఇందాక మా నంద్యాల ఇంటి పెరట్లో నా కూతురు గోడవార ఒక చిన్న బొక్క ముందు గొంతుక్కూర్చుని ఉంది. బొక్క ముందు రవ్వలాంటి మట్టికుప్ప.

ఆళ్లగడ్డ వైపు పెరిగినవాళ్లకు గుర్తుండాలి. శెనక్కాయలు పీకాక గట్ల వెంట చిట్టెలుకల బొక్కలు తవ్వేవాళ్లం, అవి దాచుకున్న గింజల కోసం. బొటనవేలంత ప్రాణి. పగలు లోపల పడుకుని వాకిలి మట్టితో మూసుకునేది. మూసి ఉంటేనే లోపల ఎలుక ఉన్నట్టు.

"తెరిచుండే దాంట్లో చెయ్యి పెట్టాకు పాపా, పురుగుంటాది" అనేది మా అవ్వ.

పురుగే కదా అనుకుని ఒకరోజు పెట్టాను. గింజలు తగల్లేదు. చల్లగా, నున్నగా ఏదో నా వేళ్ల కింద జరిగింది. అవ్వ జుట్టు పట్టి వెనక్కి లాగింది. చేలో పాము పేరెత్తకూడదని దాన్ని పురుగంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఇందాక ఆ బొక్క కూడా తెరిచే ఉంది. అరిచాను. నోట్లోంచి అవ్వ మాటే వచ్చింది.

"పురుగే!"

నా కూతురు నవ్వింది. "పురుగే కదమ్మా" అంది, బొక్కలోంచి వేళ్లు తియ్యకుండానే.