పెట్టెలక్క గది

ఆ వీధిలో ఆమెను అందరూ పెట్టెలక్క అనేవారు. అసలు పేరు తమ్ముడికైనా గుర్తుందో లేదో అనుమానమే. మొగుడు పోయాక అత్తింటివాళ్లు కట్టుబట్టలతో గెంటేస్తే, అమ్మా నాన్నా అప్పటికే లేరు గనక, తమ్ముడి గుమ్మంలో వచ్చి నిలబడింది. తమ్ముడు మంచివాడు. మంచివాడంటే ఎవరికీ ఎదురు చెప్పలేనివాడని అర్థం, పెళ్లానికైతే మరీను. వంటింటి వెనక గది అక్కకిచ్చాడు. పక్క సందులోకి ఒక కిటికీ, ఓ మంచం, గోడకు రెండు మేకులు. ఆ గదే ఆమె ప్రపంచం.

మొదట్లో ఆ ఇంట్లో ఆమెను పలకరించిన పాపాన పోయినవాళ్లు లేరు. ఒకసారి మరదలు ఆన్‌లైన్లో కుక్కరు తెప్పించింది. మూత పట్టలేదు. వెనక్కిద్దామంటే పార్సిలు మనిషి గుమ్మంలో నిలబడి, "పెట్టె ఏదమ్మా? వచ్చిన పెట్టెలో పెట్టిస్తేనే తీసుకుంటాం" అన్నాడు. మరదలు ఇల్లంతా పీకి పందిరేసింది. చివరికి ఆ పెట్టె వెనక గదిలో, మంచం కింద దొరికింది. కట్టుబట్టలతో వచ్చిన మనిషి, పెట్టుకోవడానికి బీరువా లేక, రెండు జతల బట్టలు అందులో మడిచి పెట్టుకుంది. మరదలు బట్టలు మంచం మీద కుమ్మరించి, పెట్టె అందుకుని, "వదినా, మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లం!" అంది.

ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది.

అప్పటినుంచి ఎవరింటికి పార్సిలు వచ్చినా ఈవిడ ప్రత్యక్షం. "పారేయకమ్మా, ఆ పెట్టె నాకివ్వు. వస్తువు నాలుగు రోజులు పనిచేసేదాకా పెట్టె పారేయకూడదు" అని చెవినిల్లు కట్టుకుని పోరేది. తెచ్చి, అతుకులు విప్పి, చదును చేసి, ఏది ఎవరింటిదో బొగ్గుతో గుర్తు పెట్టి గోడకు నిలబెట్టేది. లోపలి థర్మాకోలు దిమ్మలు మంచం కింద. గది నిండిపోయింది. ఆవిడ పక్కకు తిరిగి పడుకుంటే అట్టలు మీద పడేవి. వీధి నవ్వింది, పిచ్చిదంది. అన్నవాళ్లే, చెప్పులు పట్టలేదనీ, మిక్సీ మోగడం లేదనీ వెనక్కివ్వాల్సి వచ్చినప్పుడు సందులోంచి కిటికీ కొట్టేవారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు!

పెట్టె కోసం వచ్చినవాళ్లను ఆవిడ ఊరికే పంపేది కాదు. మంచం మీద కూర్చోబెట్టి ఏం కొన్నారు, ఎందుకు నచ్చలేదు, ఇంట్లో ఎవరేమన్నారు, అన్నీ అడిగేది. వాళ్లు అట్ట వైపు చూస్తూ ఊఁ కొట్టేవాళ్లు. ఆమెతో ఎవరైనా కూర్చుని మాట్లాడేది ఆ కాసేపే మరి.

అలాగని మహాతల్లి అనుకునేరు, కాదు. సందుకు అవతలి ఎదురింట్లో దర్జీ ఆవిడ ఉండేది. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. ఓసారి వీధి పంపు దగ్గర, నలుగురూ వింటుండగా, "పెట్టెలక్క కూడా, అత్తవాళ్లు తిప్పి పంపిన సరుకే కదా. పెట్టె లేకుండా వచ్చింది గనక సరిపోయింది, ఉంటే తమ్ముడూ ఎప్పుడో తిప్పి పంపేవాడు" అంది. అందరూ పగలబడి నవ్వారు. పెట్టెలక్క కూడా నవ్వింది. నవ్వుతూనే బిందె ఎత్తుకుని ఇంటికొచ్చి, గది తలుపేసుకుని, కడుపులో ఉన్నదంతా ఏడ్చింది.

కొన్నాళ్లకు ఆ దర్జీ ఆవిడ మోకాళ్లు అరిగిపోయి, కుట్టుమిషనుకు మోటారు తెప్పించుకుంది. తీరా చూస్తే ఆ మిషనుకు పట్టే రకం కాదు. పెట్టె చెత్తలో వేసిందట, పెట్టెలక్క ఏరి తెచ్చుకుంది. దర్జీ ఆవిడ సందులోకొచ్చి కిటికీ దగ్గర నిలబడి, "తల్లీ, నా మోటారు పెట్టె నీ దగ్గరుందా?" అని అడిగింది. ఆ పెట్టె తలుపు వెనకే ఉంది. పెట్టెలక్క అటు తిరిగి కూడా చూడకుండా "లేదు" అంది. దర్జీ ఆవిడ కిటికీలోంచి తలుపు వెనక్కి తొంగి చూసింది. అట్ట మీది మోటారు బొమ్మ ఆమె కంటపడింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. మోటారు మూలన పడింది. ఆవిడ పెడలు తొక్కుతూనే ఉంది, తొక్కినప్పుడల్లా మోకాళ్లు పట్టుకుని మూలుగుతూనే ఉంది. ఆ మూలుగు సందు దాటి ఈ గదిలోకి వినిపించేది. పెట్టెలక్కకు అది హాయిగా ఉండేది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఇలా ఉండగా మరదలికి ఒళ్లు తగ్గించుకోవాలనే పట్టుదల పుట్టింది. ఇంట్లోనే నడవడానికి ట్రెడ్‌మిల్ తెప్పించింది. అది గుమ్మంలోంచి రావడానికే నలుగురు కావాల్సి వచ్చింది. హాల్లో పెడితే దారి లేదు, పడగ్గదిలో పెడితే మంచం లేదు. మరదలు చూపు వెనక గది మీద పడింది.

అదే సమయానికి అక్కాతమ్ముళ్ల పిన్ని కూతురు ఫోన్ చేసిందట, తన అత్తగారు మంచాన పడింది, ఎత్తిపొయ్యడానికి మనిషి దొరకడం లేదని. మరదలు ఆ రాత్రి భోజనాల దగ్గర పుల్ల విరిచినట్టు చెప్పింది.

"వదినా, మీకూ ఇక్కడ ఊపిరాడటం లేదు పాపం. అక్కడైతే మీకో పనీ ఉంటుంది, వాళ్లకో తోడూ ఉంటుంది. ఆదివారం వెళ్దురుగాని. ఈలోగా గదిలో ఆ చెత్తంతా తీసేయండి."

తమ్ముడు కంచంలోకి చూస్తూ కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు.

పెట్టెలక్క భయపడలేదు. వీధి ఉంది కదా! ఎంతమంది గడప ఎక్కలేదు, ఎంతమంది "నీ మేలు మర్చిపోలేనక్కా" అనలేదు! కబురు తెలిస్తే వచ్చి తమ్ముడికి నాలుగు చీవాట్లు పెట్టరా? కబురు తెలిసింది. వచ్చారు కూడా. వరసగా వచ్చారు. మొదట టీచరమ్మ వచ్చింది.

"వెళ్లిపోతున్నారటగా అక్కా? అయ్యో! మరి మా గ్రైండరు పెట్టె... ఇంకా వారంటీలో ఉంది."

తర్వాత మేడమీది ఆయన. తర్వాత ఆయన చెల్లెలు. ఎవరూ మంచం మీద కూర్చోలేదు. ఎవరి గుర్తు ఉన్న అట్ట వాళ్లు వెతుక్కుని, చంకలో పెట్టుకుని, "ఒంట్లో జాగ్రత్త" అంటూ వెళ్లిపోయారు. తమ్ముడు హాల్లోనే కూర్చుని ఉన్నాడు. అతనితో ఒక్కళ్లూ ఒక్క మాటా అనలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడం లోకం మీద ఉన్నదే, కానీ తెప్పను చంకన పెట్టుకుని మరీ పోవడం ఈ వీధిలోనే చూశాను.

గోడలు బోసిపోయాయి. మిగిలిందల్లా మోటారు పెట్టె, నడవలో అడ్డంగా నిలబడ్డ ట్రెడ్‌మిల్ పెట్టె. తలుపంత అట్ట అది. మరదలు దాన్ని తన్నుకుని, "ముందు దీన్ని వీధిలో పారేయండి వదినా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచింది.

వస్తువు నాలుగు రోజులు పనిచేసేదాకా పెట్టె పారేయకూడదు. ఊరందరికీ నూరిపోసిన మాట అది. వేరే రోజైతే మరదలి కాళ్లావేళ్లా పడైనా దాచేది. ఆ రోజు మాత్రం కడుపు మండిపోయి ఉంది. "నీ సొమ్ము, నీ ఇష్టం" అనుకుంది. పెట్టెను ఈడ్చుకెళ్లి ఎదురు గోడకు ఆనించి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. జన్మలో మొదటిసారి ఒక పెట్టె పారేసింది.

మర్నాడు మరదలు బూట్లేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కింది. అది కాస్త దూరం నడిచి, గుర్రుమని, కమురు వాసన కొట్టి ఆగిపోయింది. మళ్లీ కదిలితే ఒట్టు. మరదలు బూట్లు విసిరికొట్టింది. వెంటనే ఫోన్ చేస్తే, మర్నాడు మధ్యాహ్నం మనిషి వచ్చి తీసుకెళతాడన్నారు.

తమ్ముడు మెల్లగా వెనక గదిలోకి వచ్చాడు. అక్క మంచం మీద అతను కూర్చుని ఎన్నేళ్లయిందో.

"అక్కా, అది వెనక్కి పోతే ఇంక గదితో పనేముంది? మళ్లీ అలాంటిది కొనను. పిన్నికూతురికి నేనే ఏదో చెబుతాలే. నువ్వుండిపో."

మరదలు గుమ్మంలోంచి అందుకుంది. "పెట్టె తెచ్చిపెట్టండి వదినా. గది మీదే. నాకు మాత్రం మిమ్మల్ని పంపాలని ఉందా?"

పెట్టెలక్కకు తాను పారేసిన పెట్టె గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తింది. గోడ దగ్గర పెట్టె లేదు. ఎదురింటి తలుపు తీసే ఉంది. లోపల, కత్తిరింపుల బల్ల మీద, చెక్కుచెదరకుండా, ట్రెడ్‌మిల్ పెట్టె పరిచి ఉంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో.

"వదినా," అంది. ఆవిడను వదినా అని పిలవడం అదే మొదలు. "ఆ పెట్టె మాది. ఇచ్చెయ్యి. అది ఇస్తేనే నాకు ఆ ఇంట్లో చోటు."

దర్జీ ఆవిడ పెడలు ఆపింది. సూదిలోంచి దారం తెంపింది.

"పెట్టె సంగతి తర్వాత. ముందు నేనొకటి అడుగుతా చెప్పు. నా మోటారు పెట్టె ఆ రోజు నీ దగ్గరుందా, లేదా?"

పెట్టెలక్క లోపల లెక్క వేసుకుంది. చెబితే పోతుందా, చెప్పకపోతే పోతుందా? నిజం చెబితే కనికరిస్తుందనుకుంది. "ఉంది," అంది. "నా దగ్గరే ఉంది. నువ్వు పంపు దగ్గర అన్న మాటకు కడుపు మండి ఇవ్వలేదు. తప్పయింది."

"అయితే తీసుకురా."

ఒక్క ఉదుటున ఇంటికి పోయి, తలుపు వెనక నుంచి ఆ అట్ట తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, రెండు చేతులా అందించింది. దర్జీ ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మోటారు బొమ్మ మీద వేలు పెట్టి రుద్దింది. తర్వాత దాన్ని కింద పడేసి, వాపెక్కిన కాళ్లు దాని మీద పెట్టుకుంది.

"ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోను? నాకు కావలసినప్పుడు లేదన్నావు. రోజూ నీ కిటికీ ఎదురుగా కూర్చుని తొక్కాను. ఒక్కనాడైనా నీకు జాలి వేసిందా?"

"వెయ్యలేదు," అంది పెట్టెలక్క. ఎందుకందో ఆమెకే తెలియదు. అబద్ధం ఆడే ఓపిక పోయింది కాబోలు.

"నాకూ వెయ్యడం లేదు."

దర్జీ ఆవిడ పెద్ద కత్తెర తీసుకుంది. గుడ్డ కత్తిరించడానికి నమూనాలు చేసుకుందామని, బల్ల మీది అట్ట మీద మెడ కొలత గీత గీసింది. కత్తెర కరకరమంటూ అట్టలోకి దిగింది. పెట్టెలక్క కాళ్ల మీద పడింది, వాపెక్కిన ఆ కాళ్లే పట్టుకుంది. పైన కత్తెర ఆగలేదు. మెడలు, చేతులు, జేబులు ఒక్కొక్కటే తెగి ఆమె వీపు మీద పడ్డాయి.

ఆ ముక్కలన్నీ ఏరి ఒళ్లో పోసుకొచ్చింది. రాత్రంతా కూర్చుని టేపుతో అతికించింది. ఎన్ని అతికించినా పెట్టె ఆకారం రాలేదు, గుండ్రంగా తెగిన మెడలే కనిపించాయి. మధ్యాహ్నం పార్సిలు మనిషి వచ్చాడు. ఆమెకు బాగా తెలిసినవాడే. వేరే ఇంటి పెట్టెలో ఇంకో ఇంటి వస్తువు పెట్టిచ్చినా చూసీ చూడనట్టు పోయినవాడే. ఈసారి ఆ అతుకుల అట్ట చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పెట్టెలక్కా, ఇదేంటి, చొక్కానా? ఊరందరికీ నువ్వే చెబుతావుగా రూలు! దీన్ని తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది."

ఆమె తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పార్సిలు మనిషికి మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాడు. ఆ మనిషి బండి ఎక్కి వెళ్లిపోయాక కూడా తమ్ముడు వంటింట్లోంచి రాలేదు.

"గది సర్దెయ్యండి వదినా," అంది మరదలు.

సర్దడానికి ఏముంది? బట్టలు, దువ్వెన, దుప్పటి. పెట్టుకోవడానికి ఒక్క పెట్టె లేదు. దుప్పటి పరిచి, అన్నీ అందులో వేసి, నాలుగు కొసలూ ముడేసింది. ఆదివారం పొద్దున ఆటో వచ్చింది. టీచరమ్మ గేటు దగ్గర, మేడమీదివాళ్లు పిట్టగోడ దగ్గర నిలబడి చూశారు. పెట్టెలక్క వాళ్ల వైపు తలెత్తలేదు. ఎదురింట్లో పెడలు చప్పుడు మాత్రం ఆగలేదు.

చెడిపోయిన ట్రెడ్‌మిల్‌ను నలుగురు పట్టి వెనక గదిలోకి తోశారు. గది సరిగ్గా దానికి సరిపోయింది.

కొన్నాళ్లకు టీచరమ్మ, కొత్తగా కొన్న ఇస్త్రీపెట్టె కాలడం లేదని, అట్ట ఎక్కడో పారేశానని చెప్పుకుంటూ కిటికీ దగ్గరకొచ్చింది. "మీ ఆడపడుచు మళ్లీ ఎప్పుడొస్తారండీ? ఆవిడుంటే ఈ బాధ ఉండేది కాదు" అంది.

మరదలు లోపల ఉతికిన బట్టలు ఆరేస్తోంది.

"ఆవిడా? పెట్టె లేకుండా పంపిన సరుకండీ. వాళ్లు మాత్రం ఎలా వెనక్కి పంపుతారు?" అంది.

ఇద్దరూ నవ్వుకున్నారు. మరదలు తడి దుప్పటి దులిపి ట్రెడ్‌మిల్ మీద పరిచింది. ఎండ రాకపోయినా ఆ కిటికీ గాలికి బట్టలు బాగానే ఆరతాయట.