ఎనభై రెండు డిగ్రీల థర్మోస్టాట్

నా చిన్నప్పుడు ఒక వేసవంతా, నాన్న గుమ్మం ఎక్కగానే అమ్మ అడిగే మొదటి మాట "ఇవాళ కూడా వేడెక్కిందా?" అనే. అడిగేది మా లారీ గురించి. బాపట్ల వైపు వేరుశనగ బస్తాలు ఎక్కించుకుని తెనాలి చేరేలోపు అది ఎక్కడో ఒకచోట ఆవిరి కక్కుతూ ఆగిపోయేది. రేపల్లెలో మా ఇల్లు గడిచేది ఆ లారీ మీదే. యజమానీ, డ్రైవరూ నాన్నే. ఆ వేసవిలో ఆయన కంటినిండా నిద్రపోవడం నేను చూడలేదు.

మా క్లీనరుది కర్లపాలెం. నాన్నకంటే పెద్దవాడు. చుట్టరికం లేకపోయినా నాన్న ఆయన్ని అన్నయ్యా అనేవాడు, నేను పెదనాన్నా అనేదాన్ని. రేడియేటర్లో నీళ్లు చూసుకోవడం ఆయన పని. సెలవులని నేను కూడా లారీలో వెళ్లిన ఒక రోజు, మిట్టమధ్యాహ్నం బండి మళ్లీ ఆగిపోయింది. నాన్న నడిరోడ్డు మీద, అందరూ వింటుండగా పెదనాన్న మీద విరుచుకుపడ్డాడు. నీళ్లు సరిగా పోయడం లేదన్నాడు. వయసు మీదపడి కళ్లు కనపడటం లేదన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. పెదనాన్న చేతిలోని నీళ్ల డబ్బా కింద పెట్టాడు. రోడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక కూడా లారీ వేడెక్కడం మానలేదు. చివరికి తెనాలిలో నాన్నకు తెలిసిన ఒక సాయిబుగారి మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాం. దారిలో నాన్న కొత్త థర్మోస్టాట్ కొన్నాడు. ఇంజను వేడి ఒక హద్దుకు రాగానే తెరుచుకుని, నీళ్లను చల్లారడానికి రేడియేటర్లోకి వదిలే చిన్న మూత అది. పాతది ఎనభై రెండు డిగ్రీలది, కొత్తది డెబ్బై ఒకటిది. త్వరగా తెరుచుకుంటే ఇంజను చల్లగా ఉంటుందని నాన్న ఆశ.

సాయిబుగారు వాదనకు దిగలేదు. టీ కాచే గిన్నెలో నీళ్లు పోసి, రెండింటినీ దారాలతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించారు. "ఏది ఎప్పుడు నోరు తెరుస్తుందో చూసి చెప్పమ్మా" అన్నారు నాతో. ముందు కొత్తది తెరుచుకుంది. కాసేపటికి, ఎనభై రెండు దగ్గరికి రాగానే, పాతదీ తెరుచుకుంది. నేను కేక పెట్టాను.

"పాతదానికేం కాలేదండి" అన్నారాయన నాన్నతో. "దీనికి కావలసిన వేడి ఇంతే. తక్కువది వేస్తే ఖాళీ బండికి ఇంజను సరిగా వేడెక్కదు, డీజిల్ సరిగా మండదు. లోడు మీద మాత్రం ఇప్పటిలాగే మరుగుతుంది. మూత తెరుచుకున్నా నీళ్లు పారడానికి దారుండాలి కదండి."

రేడియేటర్ విప్పి చూస్తే గొట్టాల నిండా సున్నంలాంటి పెచ్చు. ఏ నీళ్లు పోస్తున్నారని అడిగారు. కాలవ దగ్గర ఆగితే ఆలస్యమని, రోడ్డు పక్క ఉప్పు బోరు దగ్గరే నీళ్లు పట్టించేది నాన్నే. "కాలవ నీళ్లు పోద్దాం తమ్ముడూ" అని పెదనాన్న అడగడం నేనే ఎన్నోసార్లు విన్నాను.

గొట్టాలు శుభ్రం చేసి, పాత థర్మోస్టాటే బిగించేసరికి పొద్దు వాలింది. నాన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటికెళ్లి పడుకుంటాడనుకున్నాను. లారీని కర్లపాలెం వైపు తిప్పాడు. నాకు ఆకలేస్తోంది, రేపు వెళ్దాం అన్నాను.

"రేపటికి నాకు ఏదో ఒక సాకు దొరుకుతుందమ్మా" అన్నాడు.

పెదనాన్న గుమ్మంలో, ఆయన ఇంటివాళ్లంతా చూస్తుండగా నాన్న నిలబడ్డాడు. "ఆ నీళ్లు పోయించింది నేను అన్నయ్యా. తిట్టింది నిన్ను." పెదనాన్న నావైపు చూశాడు. "పిల్ల మొహం వాడిపోయింది. ముందు అన్నం తినండి" అన్నాడు. పనిలోకి వస్తానని మాత్రం అనలేదు. కొన్నాళ్లకు తనంతట తానే వచ్చాడు గానీ, నాన్నతో మునుపటిలా నవ్వుతూ మాట్లాడటానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు నాకు నాలుగు మెట్లు దిగడమే కష్టం. ఓపిక తగ్గేకొద్దీ కోపం ముందుకొస్తోంది. ఎవరినైనా అనకూడని మాట అంటే మాత్రం ఆ పూటే కర్ర పట్టుకుని వాళ్లింటికి వెళ్తాను. ఫోన్ చేస్తే సరిపోతుంది కదా అత్తయ్యా అంటుంది మా కోడలు. అవుననే అంటాను. అంటూనే చెప్పులు వేసుకుంటాను.