ఏ సరుకైనా పట్టే డబ్బా

ఆఫీసులో ఆయన్ని పోలికలాయన అంటారు. పని రాక కాదు పాపం, ఏది మేలో పోల్చుకుంటూ కూర్చుని మొదలుపెట్టక. ప్రోగ్రాములు రాసే భాషల్లో జెనరిక్స్ అని ఒక సదుపాయం ఉంటుంది. డబ్బా లాంటిదన్నమాట. ఒక్కసారి రాసుకుంటే చాలు, అందులో అంకెలు పెట్టుకోవచ్చు, పేర్లు పెట్టుకోవచ్చు, ఏదైనా పెట్టుకోవచ్చు. ఏ భాషలో ఆ డబ్బా బాగుందో తేల్చడమే ఆయన జీవితాశయం. జావా భాష డబ్బాకి లోపలేముందో చెప్పే చీటీ అంటించినట్టే అంటించి, ప్రోగ్రాం నడిచే వేళకి పీకేస్తుందని ఆయనకి కడుపుమంట. గో భాష ఏళ్ల తరబడి అసలు ఆ డబ్బాయే వద్దని భీష్మించుకుని, చివరికి దారికొచ్చిన కథ చెప్పేటప్పుడు మాత్రం, అలిగిన అల్లుణ్ణి తానే బతిమాలి తీసుకొచ్చినట్టు వెలిగిపోయేవాడు.

ఆయన భార్యకి పసిపిల్లల పాలపొడులు అమ్మే కొట్టు ఉంది. అదే ఆమె ప్రాణం. గడువు దాటిన డబ్బా ఒక్కటి దొరికినా లైసెన్సు పోతుంది. అందుకని రోజూ పొద్దున్నే ప్రతి డబ్బా తిప్పి తేదీ చూసుకునేది. అది చూసి మొగుడుగారికి నవ్వొచ్చింది. తనంతటివాడు ఇంట్లో ఉండగా ఈ చాకిరీ ఏమిటని, కొట్టుకి తానే ప్రోగ్రాం రాస్తానన్నాడు. ఏ భాషలో రాయాలో తేల్చేసరికి ఎండలు పోయి వానలూ వెళ్లిపోయాయి. చివరికి రస్ట్ అనే భాష గెలిచింది. మహానుభావుడు రాసిన డబ్బాలో పాలపొడైనా, సైకిలు చక్రమైనా, ఏనుగైనా ఇట్టే ఇమిడిపోతుంది. ఇక ఒక్క డబ్బా కూడా తిప్పక్కర్లేదని, అంతా కంప్యూటరే చూసుకుంటుందని అభయమిచ్చాడు. ఆమె నమ్మింది. కట్టుకున్నవాడు కదా మరి.

తనిఖీ అధికారి వచ్చిన రోజు ఆయన సెలవు పెట్టి మరీ కొట్టులో నిలబడ్డాడు, తన ఘనకార్యం చూపించుకోడానికి. అధికారి వెనక వరసలోంచి ఒక డబ్బా తీసి, అడుగున చూసి, బల్లమీద పెట్టాడు. గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆమె గాభరాగా కంప్యూటర్ వైపు తిరిగింది. సరుకు పేరుంది, ధర ఉంది, ఎన్ని ఉన్నాయో ఉంది.

"తేదీ ఏదండీ?"

"అన్ని సరుకులకీ గడువుండదు కదా. చక్రానికి ఉండదు. అందుకని అది తీసేశాను," అన్నాడాయన. అంటూండగానే తానేం చేశాడో తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రానికల్లా తలుపుకి సీలు పడింది. ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆయనే, రేపే కూర్చుని తేదీ చేరుస్తానని, అదెంతసేపు పనని అన్నాడు.

ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆయన ముఖంలోకి చూసింది.

"ఏ కొట్టుకి?"