కోత పండుగకు పోయిన నా ఎర్రపెట్ట

మొన్న నస్పూర్ చర్చిలో కోత పండుగ. కానుకల దగ్గర కాళ్లు కట్టేసిన కోడి అరుస్తుంటే నా ఎర్రపెట్ట గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ రాత్రికి కోళ్లను గంప కింద కమ్మేవాళ్లు కదా?

చిన్నప్పుడు నాకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత వచ్చిన కోత పండుగ ఆదివారం పొద్దున గంప ఎత్తితే పెట్ట లేదు. చర్చికి వెళ్తే, కానుకల బల్ల ముందు గుమ్మడికాయల పక్కన పడుకుని నన్నే చూస్తోంది.

"దేవుడు కోడిని తింటడా అవ్వా?" అని అమ్మను అడిగాను.

"ఆయనకేం తక్కువ బిడ్డా. నిన్ను ఊకెనే బాగుచేసిండు. మన సంతోషం కొద్ది ఇచ్చుడు, గంతే."

సంతోషం అమ్మది. కోడి నాది. ఒక్క మాట అడిగుంటే నేనే చంకన పెట్టుకొచ్చి ఇచ్చేదాన్ని.