బయట గడియ

పంతొమ్మిది వందల నలభైల్లో మాట. నేను శంషాబాద్‌కు కాపురానికొచ్చిన ఏడాదే శివరాత్రికి శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నాం. ఉందానగర్ స్టేషన్‌లో రైలెక్కి కర్నూలు, అక్కడి నుంచి ఆత్మకూరు, ఆపైన అడవిలో నడక. ఆ దారి తెలిసింది మా వదినకొక్కదానికే. మా ఆయన అక్క. భర్త చనిపోకముందు ఆయనతో నడిచి వెళ్లొచ్చింది. ఎక్కడ దిగాలో, ఏ మజిలీలో నీళ్లుంటాయో నెల రోజులు ఆమే చెప్పింది.

బయల్దేరే పొద్దున మా అత్త నన్ను పిలిచింది. "మీ వదిన ఎదురొస్తే మంచిగుండదు. అర్రల ఉంచి గడియ పెట్టు. బండి వాకిలి దాటినంక తీయ్, ఎనుక నడిచొస్తది." సొంత కూతురి గురించే అన్నది.

వదిన మూట పట్టుకుని తనే లోపలికి పోయింది. గడియ పెట్టాను. బండి కదిలింది, అత్త కేకేసింది, పరుగెత్తి ఎక్కాను.

రైలు వచ్చి ఆగాక గాని గుర్తు రాలేదు. "గడియ తీయలేదు" అన్నాను. మా ఆయన వాళ్లమ్మ మొహం చూశాడు.

"పక్కింటోళ్లు తీస్తరు. ఇగ ఎక్కు" అన్నది అత్త.

తిరిగొచ్చిన రోజు కాళ్లకు నీళ్లు తెచ్చింది వదినే. "శకునం మంచిగైందా?" అని అడిగింది.

గడియ తీయడం మరిచిపోవడం పొరపాటే. రైలు మాత్రం తెలిసే ఎక్కాను.